బాలసుబ్బయ్య మడమ మీద బల్లి

ఆ సాయంత్రం బల్లి రెడ్డెమ్మ చేతిలోంచి జారి పడిందా, రెడ్డెమ్మే జార్చిందా? ఇది ఇప్పటికీ తేలలేదు. బాలసుబ్బయ్య మటుకు పడిందనే నమ్మాడు. ఊళ్ళో పంచాంగం ముందేసుకుని కూర్చున్న ఆయన భార్య గంగాదేవి, దానంతటది పడితే ఫలం గానీ ఒకరు పడేస్తే ఫలమేమిటని వాదించింది. రెడ్డెమ్మను అడిగితే తన కుడి అరచెయ్యి ఒకసారి చూసుకుని, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

బాలసుబ్బయ్య సంగతి కొంచెం వెనక నుంచీ చెప్పుకోవాలి. కువైట్‌లోని సల్వాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక పెద్ద ఇంట్లో ఆయన ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేశాడు. సొంతూరు సుండుపల్లి దగ్గర చిన్న పల్లె. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మీసం నెరిసింది గానీ దాన్ని నెరవనివ్వడం తనకిష్టం లేదన్నట్టు పదిహేను రోజులకోసారి నల్లరంగు వేసేవాడు. రోడ్డు మీద ఆయనంత నెమ్మదస్తుడు లేడు. ఫిఫ్త్ రింగ్ రోడ్డులో ఎవడైనా అడ్డదిడ్డంగా కారు దూరిస్తే హారను కొట్టడు, తిట్టడు. "పాపం, వాళ్ళత్తకు బాగలేదేమో" అంటాడు. కువైట్‌లో ఇంతమంది అత్తలకు ఒకేసారి బాగాలేకపోవడం ఎట్లా సాధ్యమని రెడ్డెమ్మ అడిగేది. ఆయన ఆలోచించి, ఎండల వల్ల అయ్యుంటుందని చెప్పేవాడు.

రెడ్డెమ్మ ఆ ఇంట్లో వంటమనిషి. రైల్వేకోడూరు ఆమెది. వచ్చి పదేళ్ళయింది. ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. మధ్యాహ్నం ఇంటివాళ్ళ భోజనాలయ్యాక వంటగది వెనక మెట్ల మీద ఇద్దరూ అన్నం తినేవాళ్ళు. ఆయన మూతి సొట్టపోయిన తన పాత స్టీలు గ్లాసులో నీళ్ళు తాగేవాడు. పెళ్ళికి చదివింపుగా వచ్చిన గ్లాసు అది. దాని మీద చుక్కలు చుక్కలుగా భార్యాభర్తలిద్దరి పేర్లూ కొట్టి ఉన్నాయి. సెలవు మీద ఊరికెళ్ళేటప్పుడల్లా దాన్ని వంటగది అలమరలో బోర్లించి, తాను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని హెచ్చరించి మరీ పోయేవాడు. ముట్టుకునేవాళ్ళెవరూ లేరు. అయినా రెండు నెలలూ రెడ్డెమ్మ దాన్ని దుమ్ము పట్టకుండా తుడిచి మళ్ళీ అట్లాగే బోర్లించేది.

ఇట్లాంటి నెమ్మదైన మనిషికి లోకంలో ఒకే ఒక్క భయం ఉండేది. బల్లి.

భయమంటే కరుస్తుందని కాదు. పడుతుందని. ట్యూబులైటు కింద ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. పురుగుల కోసం బల్లులు చేరేది అక్కడే కదా. ఏ గదిలోకి వెళ్ళినా ముందు నాలుగు గోడలూ, తరువాత పైకప్పూ చూసి గానీ చాప పరిచేవాడు కాదు. దీనికి కారణం ఉంది. పెళ్ళి ఖాయమైన రోజున బల్లి ఒకటి సరిగ్గా ఆయన నడినెత్తిన పడింది. పంచాంగం తెరిస్తే కలహం అని ఉంది. ఆ మాపటికే మజ్జిగలో ఉప్పు ఎక్కువైందన్న విషయం మీద కాబోయే బావమరిదితో మాటా మాటా పెరిగింది. ముప్పై నాలుగేళ్ళయినా ఆ ఉప్పు ఇంకా కరగలేదు.

కువైట్‌కు వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు సులైబియాలో ఒక తోటలో పనిచేశాడు. అక్కడి యజమాని ఒకరోజు ఎడారిలో పట్టిన ధబ్ అనే జంతువును తెచ్చి, కాసేపు పట్టుకొమ్మని ఈయన చేతిలో పెట్టాడు. మన ఉడుము లాంటిదే అది, తోక నిండా ముళ్ళు. బాలసుబ్బయ్య కళ్ళకు అది తాతముత్తాతల నాటి బల్లిలాగా కనబడింది. చేతిలో పెట్టాక ఏం జరిగిందో ఆయనకు గుర్తులేదు. లేచేసరికి ముఖం మీద నీళ్ళు చల్లి ఉన్నాయట. ఆ నెలలోనే డ్రైవింగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

అట్లాంటి బాలసుబ్బయ్యను ఒక శుక్రవారం దానా సంతకు తీసుకెళ్ళమంది. దానా ఆ ఇంటి చిన్నకూతురు, పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఆమె పుట్టిన రోజున ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కారు నడిపింది కూడా బాలసుబ్బయ్యే. సంతలో పక్షులూ జంతువులూ అమ్మే వరసలోకి ఆమె వెళ్తుంటే, చిలకేమో అనుకున్నాడు. ఆమె మూడడుగుల గాజుపెట్టె ఒకటీ, అట్టపెట్టె ఒకటీ తెచ్చి వెనకసీట్లో పెట్టింది. అట్టపెట్టెకు చిల్లులున్నాయి. ఆ చిల్లుల్లోంచి ఎవరో తన మెడ వెనక్కి చూస్తున్నట్టు అనిపించిందని తరువాత చెప్పాడు. ఆ రోజు సల్వా చేరేదాకా ఆయన వెనక చూసే అద్దం వైపు కన్నెత్తలేదు. కువైట్ రోడ్ల మీద ఆయన చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇంట్లో గోడబల్లి కనబడితే చెప్పు తీసుకోవడం ఆ ఇంటి అలవాటు. ఇంటావిడను పనివాళ్ళంతా అమ్మ అన్న అర్థంలో మామా అంటారు. ఆ మామా వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచీ వస్తున్న పద్ధతి అది. కూతురు బల్లిని డబ్బిచ్చి కొని తెచ్చిందని తెలిసి మామా హాల్లో కూలబడింది. ఆనక ఒకే షరతు పెట్టింది: ఆ గదిలో తాను అడుగు పెట్టదు, అది ఆ గది దాటి బయట అడుగు పెట్టకూడదు.

బల్లి పేరు మిష్మిష్. అరబ్బీలో ఆప్రికాట్ పండు. రంగు కూడా ఆ పండు రంగే, మీద చిరుతపులి మచ్చలు. గోడబల్లికి రెండింతలుంటుంది, తోక ముల్లంగి దుంపలాగా బలిసి ఉంటుంది. దానా చదివి చెప్పిన సంగతుల్లో ఒకటి మాత్రం బాలసుబ్బయ్య తలకెక్కింది. ఈ జాతి బల్లి పాదాలకు అతుక్కునే గుణం లేదు; గోడ ఎక్కలేదు. అయితే పైకప్పు మీదికి రాలేదు. అయితే పడలేదు. ఆయన ఒక రాత్రంతా దీని గురించి ఆలోచించి, పడలేని బల్లికి శాస్త్రం వర్తించదని తేల్చుకున్నాడు. మర్నాడు గది గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఆ మర్నాడు గాజుపెట్టెకు మూరెడు దూరంలో. అది ఈయన వైపు తిరిగి ఒక కన్ను మూసి తెరిచింది.

గోడబల్లికి రెప్పలుండవు, దీనికి ఉన్నాయి. అది తెలియని బాలసుబ్బయ్య వంటగదిలోకి వచ్చి, "కన్ను గొట్టింది రెడ్డెమ్మా" అని గుసగుసగా చెప్పాడు. ఇంత వయసొచ్చాక ఆయనకు కన్ను కొట్టేవాళ్ళు దొరికారని రెడ్డెమ్మ సంతోషించింది. గంగాదేవి వదినకు ఫోను చేసి చెప్పమంటావా అని అడిగింది.

సెప్టెంబరులో దానా చదువు కోసం ఐర్లండ్ వెళ్ళింది. వెళ్తూ మిష్మిష్‌ను బాలసుబ్బయ్యకు అప్పగించింది. డిసెంబరు సెలవులకు వచ్చేసరికి అది ఎట్లా ఉన్నది అట్లా ఉండాలంది. విమానాశ్రయంలో ఆ పిల్ల తల్లిని పట్టుకుని ఏడ్చినదానికంటే ఈయనకు జాగ్రత్తలు చెప్పిన సేపే ఎక్కువ. మాట ఇచ్చాడు. ఆయన మాట ఇస్తే ఇంజనాయిలు మార్చినంత కచ్చితంగా ఉంటుంది.

అప్పట్నుంచి మొదలైంది. బయట నలభై ఐదు డిగ్రీల ఎండ, ఇల్లంతా వణికించే ఏసీ, ఆ ఏసీలో బల్లికి చలి పెట్టకుండా గాజుపెట్టె కింద ఒక పక్క వేడి చాప. ఎండల దేశంలో డబ్బు పెట్టి వెచ్చదనం కొనుక్కుంటున్న జీవిని ఆయన దొర అని పిలవసాగాడు. దొర రోజు విడిచి రోజు సాయంత్రం భోంచేస్తాడు. దొర తినేది బతికున్న కీచురాళ్ళు, అవీ సున్నప్పొడి అద్దినవి. సంత నుంచి ఆయన తెచ్చిన కీచురాళ్ళ డబ్బా మూత ఒకసారి సరిగా పడక వంటగదిలో పాతిక దాకా ఎగిరిపోయాయి. అవి గోడల సందుల్లో చేరి అరుస్తుంటే మామా ఏసీ పాడైందనుకుని మెకానిక్కును పిలిపించింది. అతను ఏసీ మొత్తం విప్పి, మళ్ళీ బిగించి, బాగైందని చెప్పి వెళ్ళాడు. అంతసేపూ బాలసుబ్బయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. రెడ్డెమ్మ వారం రోజులు పప్పు గిన్నెలో గరిటె తిప్పేముందు లోపలికి తొంగి చూసుకునేది.

అక్టోబరు మొదట్లో దొర తిండి మానేశాడు. రంగు వెలిసి, బూడిద పూసినట్టయ్యాడు. మూడు రోజులు మూలన పడి ఉన్నాడు. బాలసుబ్బయ్యకు అన్నం దిగలేదు. దానికేమైందో ఆయనకు అర్థమైపోయింది: అంతకు ముందు రోజే మామా చెల్లెలు గుమ్మంలోంచి చూసి, ఎంత ముద్దుగా ఉందోనని నోరారా మెచ్చుకుని పోయింది. దిష్టి తగిలింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ రెడ్డెమ్మను అడిగి తీసుకుని, గాజుపెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పి, తుప్పు తుప్పుమని, వంటగదిలోకి వచ్చి పొయ్యి మీద వేశాడు. ఆ ఇంట్లో పొగ వస్తే మోగే గంట ఒకటుందని ఇరవై రెండేళ్ళకు ఆ రోజు తెలిసింది. మామా చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తింది. ఘాటుకు అందరూ దగ్గుతుంటే బాలసుబ్బయ్య ఒక్కడే తృప్తిగా ఉన్నాడు. ఘాటు రాకపోతే కదా భయపడాల్సింది.

మర్నాడు ఉదయానికి దొర మెరిసిపోతున్నాడు. కొత్త ఆప్రికాట్ పండులాగా ఉన్నాడు. వీడియో ఫోనులో దానా పగలబడి నవ్వి, అది కుబుసం విడిచిందనీ, విడిచిన తోలు తానే తినేసి ఉంటుందనీ, నెలకోసారి ఇంతేననీ, గూట్లో తడి నాచు పెట్టడం మరవొద్దనీ చెప్పింది. బాలసుబ్బయ్య అన్నిటికీ తలూపాడు. ఫోను పెట్టేశాక రెడ్డెమ్మతో, పిల్లదానికి చదువు ఎక్కువై మిరపకాయల విలువ తెలియడం లేదన్నాడు.

సరిగ్గా అప్పుడే గంగాదేవి దగ్గర్నుంచి కబురు. మనవరాలు చిట్టికి పుట్టెంట్రుకలు తీయాలి. తొలి ఏడు ఈయన రాలేకపోయాడని ఆపారు. మూడో ఏడు దాటకూడదు. ఆ పిల్లకు మూడు నిండేది కార్తీకం ఆఖరుకు. రాయచోటి వీరభద్రుడికి మొక్కు. తాత దగ్గరుండాలని కూతురు పట్టుబట్టింది. మూడేళ్ళుగా ఆయన సెలవు మీద పోనే లేదు, మనవరాలిని ఫోనులో తప్ప చూడలేదు. చిట్టి జుట్టు నడుము దిగింది. దువ్వితే ఊరంతా వినబడేట్టు ఏడుస్తోంది. పేలు కూడా పడ్డాయి. గంగాదేవి ఆ పేలను కూడా ఆయన ఖాతాలోనే వేసింది.

మామా చెడ్డ మనిషి కాదు. వెళ్ళమనే అంది. అయితే ఆ పెట్టెలోదాన్ని ఎవరు చూస్తారని అడిగింది. తను చూడలేదు. శుభ్రం చేసే అమ్మాయిలిద్దరూ ఆ గది పేరెత్తితేనే మెట్లు దిగి పారిపోతున్నారు. అది చచ్చిందంటే దానా చదువు వదిలేసి వచ్చి కూర్చుంటుంది. డిసెంబరులో ఆ పిల్ల రాగానే మర్నాడే పొమ్మంది. డిసెంబరుకు కార్తీకం ఎక్కడుంటుంది?

మిగిలింది రెడ్డెమ్మ. ఆయన రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ కాదంది. అన్నం వండే చేత్తో బల్లిని ముట్టనంది. అది నిజమే. అయితే ఆమె బయటికి అనని మాట ఇంకొకటి లోపల ఉంది. ఫిబ్రవరితో బాలసుబ్బయ్య ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, గడువు తీరుతుంది. మోకాళ్ళు నొప్పులంటున్నాడు, ఎదురు లైట్లకు కళ్ళు చెదురుతున్నాయంటున్నాడు. ఈసారి పోయినవాడు మళ్ళీ వస్తాడన్న నమ్మకం ఆమెకు కలగలేదు. వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని అన్నం తినడం ఎట్లా ఉంటుందో తలుచుకుని, బల్లంటే తనకు ఎంత అసహ్యమో ఇంకొంచెం గట్టిగా చెప్పింది.

దారులన్నీ మూసుకుపోయినవాడు శాస్త్రం వైపు తిరగడం సహజం. బాలసుబ్బయ్య గంగాదేవికి ఫోను చేసి, బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగంలో చూసి మొత్తం చదవమన్నాడు. ఆమె నెత్తి దగ్గర మొదలుపెట్టి నుదురు, కనుబొమలు, పెదవులు, భుజాలు దాటుకుంటూ దిగింది. ధనలాభం దగ్గర కొంచెం ఆగింది, ఆయన కానీమన్నాడు. నడుము దాటింది. మోకాళ్ళు దాటింది. ఆఖరికి, పాదాల వెనక అయితే ప్రయాణం అని చదివింది. ఆయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివింది.

పడలేని బల్లి అన్న ధైర్యంతోనే కదా ఆయన దాని దగ్గరికి పోయింది. ఇప్పుడు అదే బల్లి పడాలి. అదీ మడమ మీద.

మూడు రోజుల తరువాత, సాయంత్రం ఐదింటప్పుడు, రెడ్డెమ్మ మడతపెట్టిన దుప్పట్లు తీసుకుని పైకి వెళ్తుంటే దానా గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల బాలసుబ్బయ్య లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, తివాచీ మీద బోర్లా పడుకుని ఉన్నాడు. రెండు పాదాలూ జోడించి పెట్టాడు, మడమలు పైకి. వాటి పక్కన దానా పాత స్కూలు పుస్తకాలు రెండు ఒకదాని మీద ఒకటి. జానెడు ఎత్తు కూడా లేదు. దొరకు దెబ్బ తగలకుండా లెక్క చూసుకున్నాడన్నమాట. దొర పుస్తకాల మీద లేడు. ఎప్పుడు దిగాడో దిగి, పిక్క మీదుగా నడిచి, ఎడమ మోకాలి వెనక పల్లంలో వెచ్చగా ముడుచుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏందన్నా ఇది?" అంది రెడ్డెమ్మ.

"కదలగాకు. పండుకోనుండాడు."

ఆయన తల తిప్పకుండానే జరిగింది చెప్పాడు. మొదటి రోజు దొర అంచుదాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి తిరిగి పోయాడు. రెండో రోజు కాలివేళ్ళ వైపు నడిచాడు. కాలివేళ్ళంటే అనారోగ్యమని గంగాదేవి చదివింది గుర్తొచ్చి ఈయనే చప్పున కాలు లాక్కున్నాడు. ఇవాళ ఇట్లా. మోకాలి వెనకకు ఫలమేమిటని గంగాదేవికి ఫోను చేసి అడిగితే పంచాంగం అంతా వెదికి, అక్కడ ఎవరికీ ఇంతవరకు పడినట్టు లేదని చెప్పిందట.

రెడ్డెమ్మ దుప్పట్లు కింద పెట్టి, గోడకు జారగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "పోయి అద్దంలో సూసుకో ఒకతూరి. చిట్టి గిన చూసిందంటే గుండు నీకే చేపిస్తాది" అంది.

ఆయన నవ్వలేదు. మూడేళ్ళుగా ఫోనులో చూస్తున్న పిల్ల అనీ, అది తనను ఫోను తాత అని పిలుస్తుందనీ, ఫోను కాని తాత ఒకడుంటాడని దానికి తెలుసో లేదోననీ తివాచీతో చెప్పుకున్నట్టు చెప్పాడు.

అంతలో కింది నుంచి మామా పిలుపు. ఎవరింట్లోనో పెళ్ళిచూపులు, కారు తియ్యాలి. "సుబ్బూ, యల్లా" అని, పదమన్నట్టు, ఒకసారి, రెండుసార్లు. బాలసుబ్బయ్య కదిలితే దొర బెదురుతాడు, బెదిరితే తోక ఊడగొట్టుకుంటాడు, దానా వచ్చేసరికి ఎట్లా ఉన్నది అట్లా ఉండదు. బోర్లా ఉన్న మనిషి చెయ్యి తన మోకాలి వెనక్కి అందదు.

"రెడ్డెమ్మా, నీకు పుణ్యముంటాది. ఎత్తు."

"నేనా?"

"అరసెయ్యి కిందికి పోనీ. సిన్నంగా. తోక ముట్టగాకు."

మెట్ల మీద మామా చెప్పుల చప్పుడు. రెడ్డెమ్మ కూర్చుంది. ఊపిరి బిగబట్టి కుడి అరచేతిని దొర పొట్ట కిందికి జరిపింది. చల్లగా, జిగటగా ఉంటుందనుకుంది. అట్లా లేదు. ఆరేసిన తమలపాకులాగా పొడిగా, మెత్తగా ఉంది. దాని నాలుగు కాళ్ళూ నాలుగు చిన్నపిల్లల చేతుల్లాగా ఆమె వేళ్ళను పట్టుకున్నాయి. అది కళ్ళు తెరిచి ఆమెను చూసింది. ఆమె చేతిని అట్లాగే పాదాల వైపు, గాజుపెట్టె వైపు తిప్పింది. మడమల మీదికి వచ్చేసరికి చెయ్యి కొంచెం వంగింది.

వంగిందా, వంచిందా. బెత్తెడు ఎత్తు ఉంటుందేమో. మిష్మిష్ మెత్తగా, చప్పుడు కాకుండా, బాలసుబ్బయ్య కుడి మడమ మీద పడింది.

ముప్పై నాలుగేళ్ళుగా బల్లి పడుతుందేమోనని బతికిన మనిషి, పడగానే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. పడుకునే పెట్టాడు. రెడ్డెమ్మ మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా రెండు చేతులూ కలిపి దాన్ని ఎత్తి, తోక కింద వేలు ఆనించి, గాజుపెట్టెలో వదిలి మూత వేసింది. పదేళ్ళుగా ఆ పనే చేస్తున్నట్టు చేసింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మామా, చేతిసంచీతో. గదిలోకి అడుగు పెట్టనన్న మామా ఒక కాలు లోపల పెట్టి ఉంది. ఆమె బోర్లా పడుకున్న డ్రైవరును చూడలేదు, పుస్తకాలు చూడలేదు. రెడ్డెమ్మ చేతులు చూసింది.

"ఖలాస్," అంది మామా, సంగతి తేలిపోయిందన్నట్టు. ఇక రెడ్డెమ్మ చూసుకుంటుంది. సుబ్బును వచ్చే వారం ఊరికి పొమ్మంది. పెళ్ళిచూపుల నుంచి వచ్చాక తానే టికెట్టు చూస్తానంది.

ఆమె దిగిపోయాక బాలసుబ్బయ్య లేచి కూర్చుని కుడి మడమను రెండు చేతులతో పట్టుకున్నాడు. "పడింది సూడు," అన్నాడు.

"జారింది."

"పడినాకే గదమ్మా మామా వచ్చింది."

రెడ్డెమ్మ దుప్పట్లు తీసుకుని, మడత నలగకపోయినా మళ్ళీ మడతపెట్టింది.

ఆ వారమంతా పాఠాలు నడిచాయి. గాజుపెట్టె పక్కన గోడకు ఆయన ఒక కాగితం అంటించాడు, తెలుగులో, స్కూలు పిల్లాడి అక్షరాలతో. సున్నప్పొడి ఎంత, తడి నాచు ఎప్పుడు మార్చాలి, వేడి చాప మీద చెయ్యి పెట్టి చూస్తే ఎంత కాగాలి అన్నీ ఉన్నాయి. మెచ్చుకునేవాళ్ళను లోపలికి రానివ్వకూడదని ఒక వాక్యం ఉంది. అన్నిటికంటే కింద, రెండు గీతలు గీసి, దొర భోంచేసేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరాదు అని ఉంది. ఒకసారి మాట వినబడితే దొర కీచురాయిని వదిలేసి గూట్లోకి పోతాడు, మళ్ళీ రెండు రోజులు మొహం చూపడు. ఈ నియమం ఆయన ఎంత గట్టిగా పట్టించాడంటే, పాఠం మధ్యలో రెడ్డెమ్మకు దగ్గొస్తే బయటికి పంపించాడు.

ఆమె మళ్ళీ వస్తావు కదన్నా అని ఆ వారంలో ఒకే ఒకసారి అడిగింది. మెట్ల మీద, ముద్ద కలుపుతూ, మామూలుగా అడిగినట్టు అడిగింది. ఆయన, సంతలో కీచురాళ్ళు అమ్మేవాళ్ళు ఇద్దరున్నారనీ, మూల దుకాణంవాడివి చచ్చినవి కలిసి ఉంటాయనీ, ఆ పక్క ఎర్ర తలుపువాడి దగ్గరే తీసుకొమ్మనీ చెప్పాడు.

ప్రయాణం మంగళవారం. మద్రాసు విమానం రాత్రికి. సాయంత్రం నమాజు పిలుపు వేళకే బయలుదేరాలి. పక్క వీధిలో డ్రైవరుగా చేసే ఊరివాడు నాగరాజు కారు తెస్తానన్నాడు. మధ్యాహ్నం ఆయన మామాకు చెప్పుకున్నాడు, ఆమె చిట్టికని చాక్లెట్ల డబ్బా ఇచ్చింది. రెడ్డెమ్మ దారికి పులిహోర కట్టి, గిన్నెలు తుడిచి, అలమర తెరిచింది. గ్లాసు బోర్లించే చోట గ్లాసు లేదు. గుండ్రటి నీటి మచ్చ ఉంది. దాన్ని తుడవలేదు. తలుపు మూసేసింది.

మంగళవారం దొరకు భోజనం రోజు. ఎవరి ప్రయాణమో దొరకు తెలియదు. సాయంత్రం ఆమె కాగితంలో రాసినట్టే కీచురాయికి సున్నప్పొడి అద్ది, పెట్టెలో వదిలి, ముందు కూర్చుంది. మిష్మిష్ గూట్లోంచి తల బయట పెట్టింది. ఒక్కొక్క అడుగే వేసింది. బయట కారు వచ్చి ఆగిన చప్పుడు.

గాజులో ఆమెకు గుమ్మం కనబడుతోంది. గుమ్మంలో బాలసుబ్బయ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్తగా రంగేసిన మీసం, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పులిహోర సంచీ. ఆమె లేవబోయింది. మిష్మిష్ తోక చివర సన్నగా వణకసాగింది. కీచురాయి మీదికి దూకే ముందు దాని తోక అట్లా వణుకుతుంది. ఆ క్షణంలో ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదని నేర్పింది ఆయనే. ఆమె కదలలేదు. గాజులో ఆయన నోరు తెరిచాడు. బల్లిని చూశాడు, ఆమె వీపును చూశాడు, గోడ మీద తను అంటించిన కాగితాన్ని చూశాడు. నోరు మూసుకున్నాడు. అలవాటు ప్రకారం పైకప్పు వైపు ఒకసారి కన్నెత్తాడు.

మిష్మిష్ దూకింది. నమిలింది. కళ్ళు మూసి తెరిచింది.

రెడ్డెమ్మ తిరిగి చూసేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు కూడా లేదు. చేతిలో పట్టుకుని దిగినట్టున్నాడు. కింద గేటు తెరుచుకుని, మూసుకుంది.